డర్బను రేవులో చాపకూడు

మాచర్ల లక్ష్మీచెన్నకేశవస్వామి పాదపద్మములకు, నాగులేటి ఒడ్డున వెలసిన పల్నాటి వీరులకు, నాచేత తొలి అక్షరం దిద్దించిన గురువుగారికి నమస్కరించి ఈ వృత్తాంతం వ్రాస్తున్నాను. స్వస్తిశ్రీ క్రోధి నామ సంవత్సరం, దక్షిణాయనం, హేమంత ఋతువు, మార్గశిర శుద్ధ తదియ, బుధవారం నాడు గురజాలలో ఇల్లు కదిలి, హిందూమహాసముద్రానికి ఆవలి ఒడ్డున, దక్షిణాఫ్రికా దేశంలో ఉన్న డర్బను అనే రేవుపట్టణం చూసి వచ్చాను. వెళ్ళనివారి కోసం వ్రాస్తున్నాను గనుక విమానాల సంగతీ, కాగితాల సంగతీ విడిచిపెడుతున్నాను.

ఈ వయసులో అంత దూరం ఎందుకని అడిగినవారు చాలామంది ఉన్నారు. ముందు ఆ కారణం చెప్పాలి. నా చెల్లెలి కొడుకు శ్రీహరి నరసరావుపేటలో మిరపకాయల వ్యాపారం చేస్తాడు. మన కాయ గుంటూరు యార్డులో బస్తాలకెక్కి, ఓడ మీద డర్బను చేరి, అక్కడి మసాలా అంగళ్ళలో పొడి అవుతుంది. ఆ సరుకు కొనే కొట్టులో లెక్కలు చూసే సరోజ అనే ఆవిడ తెలుగు సంతతి మనిషి. నాలుగు తరాల కిందట చెరకు తోటల కూలికి ఓడెక్కినవారి బిడ్డ. నా ప్రయాణానికి ముందటి ఏడు శ్రీహరి అక్కడికి వెళ్ళినప్పుడు ఆమె మాటల మధ్యలో ఒక సంగతి చెప్పిందట. కార్తీక అమావాస్య దాటిన తరువాత వచ్చే ఆదివారం వాళ్ళ ఇంట్లో పొడవాటి చాప పరుస్తారు. చాప తలాపున వీరుల పేర దీపం పెడతారు. అందరూ ఒకే బంతిని కూర్చుని అన్నం తింటారు. ఎందుకు తింటారో తనకు తెలియదనీ, తన తల్లి, అమ్మమ్మ అలాగే చేశారనీ చెప్పిందట.

పల్నాటివారికి ఈ మాట వివరించనక్కరలేదు. ఇతరులకు చెబుతాను. కార్తీక అమావాస్య మొదలు కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. అందులో మందపోరు అనే ఘట్టం జరిగే నాడు చాపలు పరిచి, కులం అడగకుండా, వచ్చినవారందరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెడతారు. దానికి చాపకూడు అని పేరు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి పల్నాటి యుద్ధంలో మాచర్ల పక్షాన నిలిచిన మంత్రి ఈ ఆచారం పెట్టాడని పెద్దలు చెబుతారు. ఆ చాప సముద్రం దాటి బతికి ఉన్నదని విన్ననాడు నాకు అన్నం సయించలేదు.

శ్రీహరి తెచ్చిన రెండో మాట ఇంకా బరువైనది. సరోజ తల్లి లచ్చుమమ్మగారికి ఎనభై దాటాయి. మనవాడు పల్నాడు నుంచి వచ్చాడని విని ఆమె కబురు చేసిందట: చాప పుట్టిన ఊరి పెద్దమనిషిని ఒకరిని తీసుకురండి, ఒక మాట అడిగి తెలుసుకోవాలి, అది తెలియకుండా చావలేను అని. ఏమి అడుగుతుందో సరోజ చెప్పలేదు. ఆ మాట కోసమే వెళ్ళాను.

రేవు

మార్గశిరం గదా అని ఉన్ని శాలువా, చెవుల మీదికి దిగే టోపీ మూటగట్టుకుని వెళ్ళాను. అక్కడ దిగేసరికి మన వైశాఖంలా ఉంది ఉక్క. ఆ దేశంలో ఋతువులు మనకు తలకిందులని పుస్తకాల్లో చదివినవాణ్ణే. అయినా శాలువా తెచ్చాను. "మావయ్యా, ఆ టోపీ పెట్టుకోమాక, పట్టుకెళ్ళి ఆసుపత్రిలో పడేస్తారు" అని శ్రీహరి మెల్లగా హెచ్చరించాడు.

మాకు ఎదురొచ్చి తీసుకువెళ్ళినవాడు సరోజ భర్త సిఫో. జులూ జాతివాడు, యాభై దాటినవాడు, ఉన్నత పాఠశాలలో చరిత్ర చెబుతాడు. మాట నిదానం. నేనూ బడిపంతులుగా తలనెరసినవాణ్ణని తెలిసి చాలా సంతోషించాడు. విద్యార్థులకు చూపించినట్టే నాకు రేవు చూపించాడు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి.

నగరం ఒక గుండ్రని అఖాతం చుట్టూ ఉంది. దక్షిణాన పొడవైన కొండచరియ సముద్రంలోకి చొచ్చుకుపోయి, అలలకు అడ్డుగోడగా నిలిచింది. ఐదు శతాబ్దాల కిందట పోర్చుగీసు నావికుడొకడు క్రిస్మసు నాడు ఈ తీరం పక్కగా పోతూ తమ పండుగ పేరే ఈ సీమకు పెట్టిపోయాడట; డర్బను అన్న పేరు తరువాతిది. తరువాత ఇంగ్లీషువారు వచ్చారు. లోపల ఎంత చక్కని నీరున్నా, అఖాతం మొగలో ఇసుక మేట వేసి ఉండేది. పెద్ద ఓడలు లోపలికి రాలేక బయటే లంగరు వేసేవి. 1860లో మదరాసు నుంచి కూలీలతో వచ్చిన తొలి ఓడ కూడా అలాగే బయట ఆగింది. ఆ రోజుల్లో మనుషులను పెద్ద తట్టల్లో కూర్చోబెట్టి, ఓడ మీదనుంచి తాళ్ళతో చిన్న పడవల్లోకి దించేవారని సిఫో చెప్పాడు. అరవలు, తెలుగులు, తరువాత కలకత్తా నుంచి ఉత్తరాదివారు, అర్ధశతాబ్దం పాటు అలా దిగారు. అయిదేళ్ళ ఒప్పందం; చెరకు తోటలు, రైలుదారులు, బొగ్గుగనులు. గడువు తీరాక కొందరు తిరిగి ఓడెక్కారు, ఎక్కువమంది ఎక్కలేదు.

ఇప్పుడు ఆ మొగను లోతుగా తవ్వారు. మేము చూస్తుండగానే ఊరంత ఓడ ఒకటి, పెట్టెలు పేర్చుకుని, ఏ తొందరా లేకుండా లోపలికి జరిగి వచ్చింది. మన బస్తాలు అందులో ఉన్నాయేమోనని శ్రీహరి కళ్ళు చికిలించి చూశాడు.

సముద్రతీరాన జనం స్నానాలు చేస్తున్నారు. తన చిన్నతనంలో ఈ ఇసుక మీద తనకు చోటు ఉండేది కాదని సిఫో చెప్పాడు. తెల్లవారికి ఒక ఒడ్డు, భారతీయులకు ఒక ఒడ్డు, నల్లవారికి ఇంకొక ఒడ్డు. పాతిన బోర్డులు చెప్పినట్టు సముద్రం పంచుకోవాలి. అతడు ఈ మాట కోపంగా చెప్పలేదు. తన తరగతిలోని పిల్లలు ఇప్పుడు దీన్ని నమ్మరనీ, నవ్వుతారనీ, నవ్వనిస్తాననీ చెప్పాడు.

సాయంకాలం పడమట నెలవంక కనబడింది. చూసి ఉలిక్కిపడ్డాను. శుక్లపక్షపు చంద్రుడికి మన ఊళ్ళో వెలుగు కుడివైపున ఉంటుంది. అక్కడ ఎడమవైపున ఉంది. ఆకాశం చూసి తిథి చెప్పడం చిన్నప్పటి నుంచి అలవాటైన నాకు ఒక క్షణం బహుళపక్షమేమో అనిపించింది. దీపం పెట్టుకుని సంకల్పం చెప్పబోతే జంబూద్వీపమూ కాదు, భరతవర్షమూ కాదు, హేమంతమూ కాదు. చివరకు తిథి, వారం మాత్రం చెప్పుకుని నమస్కారం పెట్టాను.

బజారు

శుక్రవారం శ్రీహరికి వ్యాపారం పని. నన్నూ వెంట తీసుకువెళ్ళాడు. పాత భారతీయుల వీధుల్లో మసీదు గోపురాలు, చీరల కొట్లు, ఇత్తడి సామాన్లు, వాటిని దాటితే పెద్ద మసాలా బజారు. రంగురంగుల పొడులు గోపురాల్లా పోసి, ఒక్కొక్క దానికి పేరు చీటీ గుచ్చారు. ఒకదాని మీద అత్తగారిని హతమార్చే కారం అన్న అర్థంలో ఇంగ్లీషు రాత ఉంది. శ్రీహరి చిటికెడు తీసి వాసన చూసి, "మన కాయే మావయ్యా. కాకపోతే రంగు కలిపారు. అత్తగారు బతికే ఉంటది" అన్నాడు. కొట్టు యజమానికి తెలుగు రాకపోవడం మంచిదైంది.

మధ్యాహ్నం బన్నీ చౌ తిన్నాము. అంటే రొట్టె సగానికి కోసి, లోపలి మెత్తదనం తీసి, ఆ గుంటలో చిక్కుళ్ళ కూర నింపి ఇస్తారు. ఎనభై రాండ్లు, మన లెక్కన నాలుగు వందలకు కాస్త తక్కువ. కంచమూ లేదు, చెంచా లేదు. "ఇదేంది మావయ్యా, గిన్నె కూడా తినమంటన్నారు" అని శ్రీహరి దాన్ని ఎటునుంచి పట్టుకోవాలో తెలియక తిప్పి తిప్పి చూశాడు. నల్లవారినీ, భారతీయులనూ హోటలు లోపల కూర్చోనివ్వని కాలంలో, చేతికిచ్చి పంపడానికి పనికివచ్చిందని దీని పుట్టుక గురించి అక్కడివారు చెప్పుకుంటారు. రుచి బాగుంది. చెయ్యి మాత్రం మోచేతి దాకా కడుక్కోవలసి వచ్చింది.

సరోజ అక్కడికి వచ్చి కలిసింది. కాటన్ చీర, కళ్ళజోడు; తెలుగు తడుముకుంటూ మాట్లాడుతుంది, తడుముకున్నచోట ఇంగ్లీషు. ఆదివారానికి కొత్త చాప కొనాలని మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. రోడ్డు పక్కన జులూ స్త్రీలు రెల్లు చాపలు చుట్టలు పెట్టుకుని అమ్ముతున్నారు. బాగా బలమైన అల్లిక, అంచున ఎర్ర దారం. ఏటా ఇక్కడే కొంటామని సరోజ చెప్పింది. ఎదురుగా చాప నేసిన ఆవిడే కూర్చుని ఉంది. సరోజ బేరమాడకుండా అడిగినంత ఇచ్చింది.

తిరిగి వస్తూ దారిలో అసలు సంగతి చెప్పింది. సిఫోను పెళ్ళాడి పాతికేళ్ళు. తల్లి ఇంట్లోకి రానిచ్చింది, పండగలకు బట్టలు పెట్టింది, జబ్బు చేస్తే ఆసుపత్రిలో అతడి పక్కన కూర్చుంది. చాప మీద మాత్రం కూర్చోనివ్వలేదు. తన కడుపున పుట్టినవాళ్ళు, తనవాళ్ళు కూర్చోవచ్చు, జులూవాళ్ళు కూర్చోరాదని ఆమె నియమం. సిఫో పెరట్లో పొయ్యి దగ్గర ఉండి అన్నం వండుతాడు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు లిండి ముందటేడు దాకా అమ్మమ్మ పక్కన కూర్చునేది. నిరుడు కూర్చోలేదు. నాన్న కూర్చోని చాప మీద తానూ కూర్చోనని లేచి వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడింది. లచ్చుమమ్మకు లిండి తప్ప మనవరాలు లేదు. లిండి కాదంటే ఆ చాప ఆమె చేతుల్లోనే ముగుస్తుంది.

"నేసేటోళ్ళు నేయొచ్చు, కూచోగూడదా ఏంది?" అని శ్రీహరి ఉండబట్టలేక అనేశాడు.

సరోజ చాప చుట్ట ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "అది మా అమ్మను అడగండి అన్నా. మీ మావయ్యగారిని అందుకే పిలిచాం" అన్నది.

నా మనసు అప్పుడు తేలికపడింది. దీనికింత దూరం రావాలా అనుకున్నాను. ఆచారం తప్పుగా గుర్తుంచుకున్నారు. ఒప్పు చెప్పివస్తే చాలుననిపించింది.

చాట్స్‌వర్తు

లచ్చుమమ్మగారి ఇల్లు నగరానికి దక్షిణంగా చాట్స్‌వర్తు అనే పేటలో ఉంది. శనివారం అక్కడికి వెళ్ళాము. కొండవాలు పొడుగునా ఒకే అచ్చు పోసినట్టున్న చిన్న ఇళ్ళు. ఏ జాతివారు ఎక్కడ ఉండాలో చట్టం నిర్ణయించిన రోజుల్లో, ఊరి మధ్యనున్న భారతీయులను లేపి తెచ్చి ఇక్కడ పెట్టారు. ప్రతి పెరట్లోనూ కరివేపచెట్టు ఉంది. చాలా ఇళ్ళ ముందు హనుమంతుడి పేర ఎర్రజెండాలు పాతి ఉన్నాయి.

ఆమె వరండాలో పీట మీద కూర్చుని మాకోసం చూస్తోంది. చిన్న మనిషి. తెల్లచీర కొంగు నిండుగా కప్పుకుంది. నేను నమస్కరించగానే నా పాదాలకు వంగబోతే ఆపాను. వయసులో నాకంటే పెద్ద. ఆమె మాట వింటే నా ఒళ్ళు పులకరించింది. మా నాయనమ్మతో పోయిందనుకున్న తెలుగు అది. యాడ, ఎట్టా, కూడు, బువ్వ అంటూ, మధ్యలో ఇంగ్లీషు మాట వస్తే దానికీ మన ప్రత్యయమే తగిలించి మాట్లాడుతోంది.

కాఫీ ఇచ్చారు. మన ఊరి పంటలు, నీళ్ళు, తిరునాళ్ళ సంగతి అడిగింది. అంతా చెప్పాను. తరువాత అందరినీ లోపలికి పొమ్మని, శ్రీహరిని మాత్రం ఉండనిచ్చింది.

"మీ ఊళ్ళో చాప మీద ఎవరెవరు కూచుంటారయ్యా?"

"వచ్చినవాళ్ళంతా కూర్చుంటారమ్మా. ఫలానావాళ్ళు కూడదన్న మాట లేదు. ఆ మాట పోగొట్టడానికే చాప పరిచారు" అన్నాను. ఇంకా వివరంగా, పురాణం చెప్పినట్టు, మూలం నుంచి చెప్పుకొచ్చాను. ఆమె చివరిదాకా అడ్డురాకుండా విన్నది.

"నాకు తెలుసయ్యా" అన్నది. "మా అమ్మ చాప మీద నా చిన్నప్పుడు జులూవాళ్ళు కూచునేవాళ్ళు."

నేను చెప్పడానికి వచ్చినదంతా అక్కడితో అయిపోయింది.

తరువాత ఆమె చెప్పినది నా మాటల్లో వ్రాస్తున్నాను. వాళ్ళు అప్పుడు కేటో మేనర్ అనే కొండల్లో ఉండేవారు. తండ్రికి అరటితోట. పక్కన నొంబుసో అనే జులూ ఆవిడ కాపురముండేది. తల్లికీ ఆమెకూ ఒకరి పిల్లలకు ఒకరు పాలిచ్చేంత చనువు. నొంబుసో ఏటా చాప మీద లచ్చుమమ్మ తల్లి పక్కనే కూర్చునేది. 1949 జనవరిలో ఊరు రగిలింది. బజారులో జరిగిన చిన్న జగడం పెద్దదై, జులూలు భారతీయుల ఇళ్ళ మీద పడ్డారు. పాలించే తెల్లవాళ్ళు చోద్యం చూశారు. తోట తగలబడింది, ఇల్లు తగలబడింది, తండ్రి దెబ్బలకు మూడోనాడు పోయాడు. కర్మకాండ ఒకరి కొట్టంలో జరిగింది. తల్లి ఆ రోజులన్నీ వాకిలి వైపు చూస్తూ కూర్చుంది. నొంబుసో రాలేదు. ఆ తరువాత కూడా ఎన్నడూ రాలేదు. ఆ ఏడు కార్తీకం వెళ్ళాక తల్లి చాప పరిచి, ఇకమీదట మనవాళ్ళు తప్ప దీని మీద ఎవరూ కూర్చోరాదని చెప్పింది.

"కొట్టినోణ్ణి మా అమ్మ ఎరగదు. రానిదాన్ని ఎరుగుద్ది" అన్నది లచ్చుమమ్మ.

నొంబుసో భయపడి రాలేదేమోనని తనకు పెద్దయ్యాక తోచిందట. ఆ మాట తల్లితో అనలేకపోయిందట.

"చాప మీద కులం గురించి కాదు నేనడిగేది. కొట్టినోళ్ళ తాలూకువాళ్ళు మీ చాప మీద కూచుంటారా? అది చెప్పు."

నా చదువు పక్కన పెట్టి, ఉన్న నిజం చెప్పాను. "మాది గురజాల అమ్మా. ఆ వీరులతో యుద్ధం చేసి వాళ్ళను చంపిన పక్షం మా ఊరిది. మా తాతలు, మేము, ఏటా కారెంపూడి వెళ్ళి ఆ చాప మీద కూర్చుని తింటున్నాము. మొన్ననే తిని వచ్చాను. మీరు లేవండని ఇంతవరకు ఎవరూ అనలేదు."

"మీకు ఎనిమిది వందల ఏళ్ళు దొరికినయ్ గదయ్యా. నాకు ఒక్క జన్మ కూడా కాలా."

"మేష్టరు మంచోడు" అన్నది. అల్లుణ్ణి ఆమె పేరుతో పిలవదు. "పాతికేళ్ళుగా అన్నం ఒక్కసారి మాడనీలా. ఆయన మీద నాకేం లేదు. మూసింది మా అమ్మ. తెరవడానికి నేనెవరు? రేపు పైన కనపడి అడిగితే ఏం చెప్పాలె?"

అందుకు నేనొక్కటే అన్నాను: "మీ అమ్మగారు చాప మూసిందే గాని, చుట్టి పారేయలేదు గదమ్మా. తగలబడిన ఏడు కూడా పరిచింది."

ఆమె లోపలికి చూసి, వీళ్ళకు కూడు పెట్టండే అని కూతుర్ని కేకేసింది. గుమ్మడికాయ పులుసు, చేమాకు వేపుడు, మొక్కజొన్న నూకల అన్నం పెట్టారు. బియ్యం కరువైన రోజుల్లో తోటల్లో అలవాటైన వంటట.

మమ్మల్ని తిరిగి బసకు తీసుకువస్తూ సిఫో తానై ఒక మాట చెప్పాడు. అతడి నాయనమ్మ కూడా ఆ కొండల్లోనే బతికిందట. ఆ జనవరి గురించి ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదట. ఏ వైపున నిలబడి చూసిందో తెలియదు. తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడల్లా ఆమె మౌనమే గుర్తుకొస్తుందనీ, చాప మీద కూర్చుంటానని అత్తగారిని తాను ఎన్నడూ అడగలేదనీ, అడగమని కూతురితోనూ అనలేదనీ చెప్పాడు. లిండికి అది నచ్చలేదట. నీ మర్యాదే నిన్ను పొయ్యి దగ్గర నిలబెట్టిందని తండ్రినే తప్పుపట్టిందట.

ఆదివారం

తోటల్లో ఆదివారమే సెలవు గనుక ఈ పండుగ తిథి వదిలి వారాన్ని పట్టుకుంది. పొద్దున్నే చుట్టాలు, ఇరుగుపొరుగు తెలుగువారు చేరారు. ముందుగదిలో బల్లలు తీసి, చాప ఆ గోడ నుంచి ఈ గోడ దాకా పరిచారు. తలాపున దీపం. దాని పక్కన ఏ బొమ్మా లేదు, పటమూ లేదు. వీరుల పేర్లు నాలుగు చెప్పమని నన్నడిగితే చెప్పాను. అందరూ నా వెంట పలికారు. ఉచ్చారణ ఎలా ఉన్నదని నేను పట్టించుకోలేదు.

నన్ను దీపానికి దగ్గర కూర్చోబెట్టారు. పక్కన శ్రీహరి. వరుసగా అరటాకులు వేశారు. పెరటి తలుపు తెరిచే ఉంది. సిఫో చొక్కా చేతులు మడిచి పెద్ద గుండిగ దించుతున్నాడు. లిండి ఇరవై దాటిన పిల్ల, తండ్రి పోలిక. ఆకులన్నీ వేసి, తన చోటు ఖాళీగా వదిలి, వెళ్ళి గడపలో నిలబడింది. అమ్మమ్మను ధిక్కరించినట్టు లేదు ఆ నిలబడడం. ఏడుపు ఆపుకుంటున్నట్టు ఉంది.

ఆచారం ప్రకారం ఇంటి పెద్ద తొలి పిడికెడు అన్నం తన చేత్తో వడ్డించాలి. లచ్చుమమ్మ గిన్నె పట్టుకుని దీపం దగ్గర మొదలుపెట్టింది. నా ఆకులో, శ్రీహరి ఆకులో, ఒక్కొక్కరికీ పెడుతూ, వంగుతూ లేస్తూ చివరిదాకా వెళ్ళింది. సరోజ గిన్నె అందుకోబోతే ఇవ్వలేదు. లిండి కోసం వేసిన ఖాళీ ఆకు ముందు ఆగింది. గదిలో అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమెనే చూస్తున్నారు. ఎవరో చిన్నపిల్లవాడు ఆకలి అన్నాడు, తల్లి ఊరుకోబెట్టింది.

ఆమె లిండి వైపు తిరగకుండానే అన్నది: "మీ నాయన్ని చేతులు కడుక్కోమను."

లిండికి తెలుగు అంతంతమాత్రం. తల్లి ముఖం చూసింది. సరోజ చేతులు రుద్దుకుని చూపించింది. లిండి పరుగెత్తలేదు. మెల్లగా మెట్లు దిగి తండ్రి దగ్గరకు వెళ్ళింది. కొళాయి చప్పుడు వినబడింది. ఆ చప్పుడు చాలాసేపు వచ్చింది.

సిఫో బూట్లు విడిచి గడప దాటాడు. ఇంకో ఆకు వేశారు. అతడు చాప అంచున, మోకాళ్ళు నేల మీదికి వచ్చేట్టు, ఒదిగి కూర్చున్నాడు.

"మేష్టరూ, అట్టా కాదు. చాప మీదికి జరుగు."

భాష తెలియకపోయినా అతడు జరిగాడు. లిండి పక్కన కూర్చుంది. లచ్చుమమ్మ వంగి అతడి ఆకులో పిడికెడు అన్నం పెట్టింది. కొన్ని మెతుకులు చాప మీద పడ్డాయి. వాటిని ఏరి తన కొంగులో వేసుకుంది. గిన్నె సరోజకిచ్చి, గోడ పట్టుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మేము తిన్నాము. అన్నం వేడిగా ఉంది. సరోజ ఒక ఆకు వడ్డించి తల్లికి లోపలికి తీసుకువెళ్ళింది. కాసేపటికి ఆ ఆకు ముట్టనిది ముట్టనట్టే తిరిగి వచ్చింది. ఆ పూట ఆమె తినలేదు.

సెలవు తీసుకోవడానికి సాయంత్రం ఆమె గదిలోకి వెళ్ళాను. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. నేను ఏదో మంచిమాట చెప్పబోతున్నానని కనిపెట్టి చెయ్యెత్తి ఆపింది.

"తెరిచానయ్యా. మా అమ్మకు ఏం చెప్పుకోవాలో నేను చెప్పుకుంటా. బాగా చేశావని మాత్రం నువ్వు అనమాక."

దూరం నుంచే నమస్కరించి బయటకు వచ్చాను. మరునాడు తిరుగు ప్రయాణం.

మరుసటి ఏడు, విశ్వావసు నామ సంవత్సర మార్గశిర శుద్ధ తదియ, ఆదివారం నాడు చాట్స్‌వర్తులో మళ్ళీ చాప పరిచారు. పరిచినది లిండి. వరుసకు ఒక చివర సిఫో కూర్చున్నాడు. రెండో చివర, దీపం దగ్గర, లచ్చుమమ్మ కూర్చుంది. ఈ ఏడు ఆమె అన్నం తిన్నదని సరోజ శ్రీహరికి ఫోనులో చెప్పింది.